కోసి చూసిన కేబుల్

"తెర మీద కనబడనిది చెల్లదు" అని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చిన రోజున బోర్లాపూర్ పసుపు మార్కెట్ యార్డులో జిలేబీలు పంచారు. ఉత్తర్వులో ఏముందో జిలేబీ తిన్నాక చదివారు.

అంతకుముందు అక్కడ బేరం తువ్వాల కింద జరిగేది. సేటు రైతు చేతి మీద తువ్వాల కప్పి, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పేవాడు. ఎవరు ఎంతన్నదీ పక్కవాడికి తెలియదు. ఒక్కోసారి ఆ చెయ్యి ఎవరిదో ఆ రైతుకు కూడా సరిగా తెలిసేది కాదు. ఇది ఘోరమని పై ఆఫీసు వారికి ఇన్నాళ్లకు తోచింది. ఇకమీదట ధరలన్నీ పెద్ద తెర మీద పడాలి, పడ్డాకే కాంటా వెయ్యాలి అన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. ఉత్తర్వు రాసినాయన మంచి ఊపు మీదున్నాడు కాబోలు, ధరలతో పాటు యార్డు తీసుకునే నిర్ణయాలు, ఉద్యోగుల సెలవులు, శిక్షలు, సమస్తమూ తెర మీద పడ్డాకే అమలులోకి వస్తాయని చివర్లో ఒక వాక్యం తగిలించాడు.

యార్డు సూపర్‌వైజర్ లింబాద్రి జిలేబీలు కాస్త ఎక్కువే తిన్నాడు. ఆ తీపిలో అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఈసారి తువ్వాల లేదు, దొంగ బేరం లేదు. అంత టీవీల పడ్తది. పసుపు తెచ్చెయ్యి. నేనున్న గద!"

అతని అక్క గంగమణి పోయినేడు ఇదే యార్డులో బేరం తెగక కుప్ప పోసుకుని కూర్చుంటే మీద వాన పడింది. పసుపంతా బూజు పట్టింది. ఆమె తన చేతులతోనే తట్టలకెత్తి మురికి కాల్వలో పారబోసి, మళ్లీ బోర్లాపూర్ మొహం చూడనని ఒట్టు పెట్టుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు తమ్ముడి మాట మీద ఆ ఒట్టు గట్టున పెట్టింది. పెట్టి, తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టిన పంటనంతా ట్రాక్టర్‌కెత్తి తెచ్చింది.

వచ్చేసరికి తెర వచ్చి ఉంది. వేలం షెడ్డు గోడకు రెండు తలుపులంత వెడల్పున నల్లగా వేలాడుతోంది. దాని కింద బల్ల మీద కంప్యూటరూ ఉంది. రెంటినీ కలిపే కేబుల్ మాత్రం లేదు. తెర పంపినవాళ్లు దాన్ని కంప్యూటర్ వాళ్లు పంపుతారనుకున్నారు. కంప్యూటర్ వాళ్లు అసలేమీ అనుకోలేదు.

షెడ్డులో పసుపు పోస్తే దుమ్ము లేచి తెర పాడవుతుందని, కార్యదర్శి పురుషోత్తం గారు రైతులందరినీ బయట ఎండలో గచ్చు మీదకు పంపారు. గంగమణి కుప్ప పోసుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, షెడ్డు వైపు చూసింది.

"దానికి నీడ, నాకెండ. పుడితే టీవీ పుట్టుకే పుట్టాలె తమ్మీ" అంది.

"ఒక్క వైరు దక్కువున్నది అక్కా. గంతే. రేపటికి పెట్టిస్త" అన్నాడు లింబాద్రి.

అతను తెర వెనకా చూశాడు, కంప్యూటర్ వెనకా చూశాడు. రెండిటికీ ఒకే తీరు బొక్క ఉంది. ఫోన్‌లో ఫొటో తీసుకుని, బస్టాండు దగ్గర షాపుకు వెళ్లి, ఆ బొక్కకు పట్టే హెచ్‌డిఎంఐ కేబుల్ ఒకటి కొనుక్కొచ్చి తగిలించాడు. తెర వెలిగింది. నీలం రంగు మీద చిన్న బాణం గుర్తు అటూ ఇటూ తిరిగింది. రైతులు ఈలలు వేశారు. గంగమణి కుప్ప వదిలి వచ్చి మరీ చూసింది.

ఈల విని పురుషోత్తం గారు గదిలోంచి వచ్చారు. ఆయన పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎవరో తన సంతకం ఫోర్జరీ చేస్తున్నారన్న అనుమానంతో ఉండే మనిషి. తెర కేసి చూసి, కేబుల్ కేసి చూసి, లింబాద్రి కేసి చూశారు.

"ఈ అనుసంధాన సామగ్రిని ఎంపిక చేసినది ఎవరు?"

"నేనే సార్. బొక్క చూసి తెచ్చిన."

"బొక్క చూసి!" ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఇంత ఉద్యోగం చేసి, బొక్క చూసి వస్తువు కొన్నానని నోరు విడిచి చెబుతున్నావా? ఈ ఆవరణలోకి వచ్చే సరుకేదైనా సరే గేటు నమోదు, లాటు నంబరు, నాణ్యతా పరీక్ష, పోటీ, ఇవన్నీ దాటవలసిందే కదా. నిబంధనల్లో 'సరుకు' అని ఉందయ్యా. 'పసుపు' అని మాత్రమే లేదు."

"కని బొమ్మ వస్తున్నది గద సార్."

"బొమ్మ రావడం ముఖ్యం కాదు లింబాద్రీ. ఏ విధానం ద్వారా వచ్చిందన్నది ముఖ్యం. ఇది విధానరహితమైన బొమ్మ. తక్షణం ఆర్పివేయి."

లింబాద్రి కేబుల్ పీకాడు. తెర నల్లబడింది. వేసిన ఈలలు వెనక్కి తీసుకునే పద్ధతి లేదు కాబట్టి రైతులు ఊరుకున్నారు.

పీకిన కేబుల్‌ను గేటు బయటికి తీసుకెళ్లి, మళ్లీ విధానపూర్వకంగా లోపలికి తీసుకొచ్చారు. గేటు దగ్గర రాసుకునే చోట సరుకు రకం అన్న గడిలో రెండే రకాలున్నాయి: కొమ్ము, గోళ. సన్నగా పొడుగ్గా ఉండేది కొమ్ము, గుండ్రంగా ఉండేది గోళ. కేబుల్‌ను చుట్ట చుట్టి తెస్తే గోళ అవుతుందా, విప్పితే కొమ్ము అవుతుందా అని కాసేపు చర్చ జరిగింది. చివరికి విప్పి, కొమ్ము అని రాసి, లాటు నంబరు అంటించి గ్రేడర్ పోశెట్టి దగ్గరికి పంపారు.

పోశెట్టి జీవితమంతా పసుపు కొమ్ములు విరిచిన మనిషి. కొమ్ము విరిచి, టక్కుమన్న చప్పుడు విని, లోపలి రంగు చూడనిదే ఆయన దేన్నీ సరుకని ఒప్పుకోడు. కేబుల్‌ను రెండు చేతులా పట్టుకుని విరిచాడు. విరగలేదు, వంగింది. మళ్లీ విరిచాడు, మళ్లీ వంగింది.

"పచ్చిగున్నది" అన్నాడు. "ఎండలే. తేమ మస్తుంది."

"అది రబ్బరు పోశెట్టన్నా, విరగది."

"ఎండితే ఎట్ల విరగదు? నాకు జెప్తవా!"

విరగనిది ఎండనట్టే లెక్క అని నిబంధనల్లో ఉంది కాబట్టి కేబుల్‌ను ఎండబెట్టారు. గచ్చు మీద జాగా లేక గంగమణి కుప్ప పక్కనే పరిచారు. ఉదయం ఒక వైపు, మధ్యాహ్నం మరో వైపు తిరగెయ్యమని హమాలీకి చెప్పారు. గంగమణి దాన్ని చూసింది, తిరగేస్తున్న హమాలీని చూసింది, అప్పుడే నీడకు నీడకు నక్కుతూ పోతున్న తమ్ముణ్ని కేకేసింది.

"ఓ లింబాద్రీ! దీన్ని ఉడకవెట్టిండ్రా మరి? ఉడకవెట్టకుంట ఎండవెడితే పురుగు వడ్తది. మీ సార్లకు జెప్పు."

"అక్కా, మెల్లగ. సార్లు ఇంటరు."

"ఇననియ్యి! మొగులైతున్నది, సూశినవా? పడమటి దిక్కు నల్లగున్నది. నీ మాట వట్టుకొని అచ్చిన నేను. గిది తడిస్తే ఈసారి కాల్వల పసుపు పొయ్య, నేనే పడ్త."

అక్క నవ్వుతూ అన్నా ఉత్త మాట అనదని లింబాద్రికి తెలుసు. చిన్నప్పుడు అమ్మ జబ్బు పడితే తనను బడి మాన్పించకుండా తాను చేను పనికి పోయిన మనిషి ఆమె. ఆ మొహం చూడలేక మబ్బుల వైపు చూశాడు. మబ్బులు చూస్తే ఇంకా భయమేసింది.

కేబుల్ ఎంత ఎండినా విరగలేదు. పోశెట్టికి పట్టుదల పెరిగింది. కత్తి తెచ్చి నడిమికి కోశాడు. లోపల రాగి తీగలు, వెండి రేకు కనిపించాయి. పోశెట్టి పెదవి విరిచి, "పసుపు వన్నె లేదు. ఎర్రగున్నది. పొర మీద పొర. నాకైతే నచ్చలే" అని రిపోర్టు ఇచ్చాడు. పనిచేస్తున్న ఒకే ఒక్క కేబుల్ అలా పరీక్షలో తప్పింది. చచ్చాక తప్పిందా, తప్పాక చచ్చిందా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు.

అప్పుడు కేబుల్ ఎంపిక ఉపసంఘం ఏర్పడింది. యార్డు చైర్మన్ నర్సాగౌడ్ అధ్యక్షుడు. పురుషోత్తం గారు సభ్యులు. వ్యాపారుల తరఫున కొండయ్య సేటు సభ్యుడు. లింబాద్రి కన్వీనరు, అంటే టీలు చెప్పేవాడు.

"సార్, ఉన్న బొక్కకు ఒక్క హెచ్‌డిఎంఐ రకమే పడ్తది. గదొక్కటి తెప్పిస్తే అయిపాయె" అన్నాడు లింబాద్రి సమావేశం మొదలవగానే.

పురుషోత్తం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇక్కడే మనం జాగరూకత వహించవలసి ఉంది అధ్యక్షా. సరిపోయే కేబుల్‌కు మాత్రమే అవకాశం కల్పిస్తే, సరిపోని కేబుళ్ల పట్ల పక్షపాతం చూపినట్టు కాదా? పోటీ అంటే సమానావకాశం. సరిపోవడం అనేది ఆ కేబుల్‌కు పుట్టుకతో వచ్చిన అనుచిత ప్రయోజనం. దానిని మనం ప్రమాణంగా పరిగణించరాదు."

చైర్మన్ నర్సాగౌడ్ తల ఊపాడు. ఆయనకు అర్థం కానిదానికల్లా తల ఊపే మంచి అలవాటుంది. "కరెక్టే. అందర్నీ రానియ్యాలె. రేపు ఎవడన్న కేసేస్తే?"

అందర్నీ రానిచ్చారు. ముగ్గురు సప్లయర్లు మూడు రకాలు తెచ్చారు. ఒకటి హెచ్‌డిఎంఐ. ఒకటి పాతకాలం విజిఎ, లావుగా, నీలం మూతితో, లోపల సూదులతో ఉంది. మూడోది డిస్‌ప్లే పోర్ట్, మూతికి ఒక మూల కోసినట్టుంటుంది. ఆ రెండూ తెరకు పట్టవు, కంప్యూటర్‌కూ పట్టవు. వాటి సప్లయర్లు కూడా ఆ మాట దాచలేదు. దాచనందుకు వాళ్లకు నిజాయితీ కింద ఎక్కువ మార్కులు వేశారు.

చైర్మన్ విజిఎ కేబుల్‌ను చేతిలో పెట్టుకుని తూచినట్టు ఊపాడు. "గిదీ సరుకంటే! బరువు సూడుండ్రి. ఆ సన్నగున్నదాంట్ల నుంచి అంత పెద్ద బొమ్మ ఎట్ల వోతదయ్యా? ఇరుకయితది."

కొండయ్య సేటు మూడింటినీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ముప్పై ఏళ్లుగా పసుపు కొంటున్న ముక్కు అది. "వాసనైతే దేంట్ల లేదు. అన్ని పాత స్టాకే" అన్నాడు.

తర్వాత పోశెట్టి మూడింటినీ కోశాడు. ఈసారి ఎండబెట్టే సమయం లేదు కాబట్టి తేమ మిషన్‌లో పెట్టారు. మిషన్ సున్నా చూపించింది. జీవితంలో సున్నా తేమ సరుకు చూడని పోశెట్టి కదిలిపోయి, మూడింటికీ ఏ గ్రేడు ఇచ్చేశాడు. ఉపసంఘం తీర్మానం రాసింది: "పరీక్షించిన మూడు కేబుళ్లూ అత్యుత్తమమైనవి. ప్రస్తుతం మూడింటిలో ఏదీ ఉపయోగించు స్థితిలో లేదు."

లింబాద్రి చేతులు జోడించాడు. "సార్, ఒక్క ముచ్చట. రెండు తెప్పిద్దాం. ఒకటి కోసుకోండ్రి, మీ ఇష్టం. రెండోది తగిలిద్దాం."

పురుషోత్తం గారు ఆలోచనలో పడ్డారు. లింబాద్రికి ఆశ పుట్టింది. చాలా సేపటికి ఆయన అన్నారు: "బాగుంది. కానీ కోసినది బాగుంటే, కోయనిది కూడా అలాగే బాగున్నదని ధ్రువీకరించేది ఎవరు? ఏ ఆధారంతో? కోయనిదే ఎలా తెలుస్తుంది?"

"కోస్తే పాడైతది గద సార్!"

"అది వేరే విషయం. ముందు బాగున్నదో లేదో తేలనీ."

రెండు తెప్పించారు. రెండూ బాగున్నాయని తేలింది. ముక్కలను అట్టపెట్టెలో పెట్టి భద్రపరిచారు.

ఈలోగా గాలి మారింది. మధ్యాహ్నం పూట ఉక్కపోత, సాయంత్రం ఉరుములు. రైతులు కుప్పల మీద కప్పుకునే తాడిపత్రుల కోసం ఆఫీసుకు వచ్చారు. యార్డులో తాడిపత్రులకు కొదవ లేదు. వానాకాలానికని కొన్నవే బోలెడు. కానీ షెడ్డు దూలాల మీద పావురాలు కాపురం పెట్టాయి. వాటి రెట్ట తెర మీద పడితే గ్యారంటీ పోతుందని కంపెనీ కాగితంలో ఉందట. అందుకని పురుషోత్తం గారు తాడిపత్రులన్నీ తెరకూ, కంప్యూటర్‌కూ, కోసిన కేబుల్ ముక్కల పెట్టెకూ కప్పించారు. కప్పించింది ఎవరు? లింబాద్రే. ఆర్డరు ఆర్డరే కదా.

గంగమణి షెడ్డు గడప దగ్గర నిలబడి అదంతా చూసింది. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. అది అతనికి ఎక్కువ నొప్పి పెట్టింది.

"తమ్మీ" అంది నెమ్మదిగా. "పైన కప్పున్నదానికే కప్పుతున్నవు. నేను నీకు ఏం జేసిన్రా?"

"అక్కా, నౌకరి..."

"నౌకరి నాకు దెల్వదా? నీ నౌకరి కోసం ముడుపు గట్టింది నేనే. ఒక్క పత్రి అడిగిన. ఒక్కటి."

"సారు లెక్కవెట్టి ఇచ్చిండక్కా."

ఆమె కుప్ప దగ్గరికి పోయి, తెచ్చుకున్న పాత చీరలు నాలుగు ముడివేసి పసుపు మీద పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టింది. లింబాద్రికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంటికి పోతే భార్య అన్నం పెట్టి అక్క తిన్నదా అని అడిగింది. అతను సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఇంత జరిగాక ఒక కేబుల్‌ను ఎట్టకేలకు ఎంపిక చేశారు. హెచ్‌డిఎంఐనే. లింబాద్రి బతిమాలగా బతిమాలగా, తెర ప్రారంభానికి పెట్టుకున్న ముహూర్తం దగ్గరపడుతోందని చైర్మన్‌కు భయం పట్టగా, ఒప్పుకున్నారు. ప్రారంభోత్సవం పెట్టారు. షెడ్డుకు మామిడి తోరణాలు కట్టారు. తెర మీది తాడిపత్రి తీసి పక్కన పెట్టారు. కేబుల్‌ను పళ్లెంలో పెట్టి పసుపు కుంకుమలు చల్లారు. మైకు వచ్చింది. ఆకాశం నల్లగా ఉంది. సేట్లు, హమాలీలు, రైతులు అందరూ షెడ్డు ముందర చేరారు.

పురుషోత్తం గారు మైకులో అన్నారు: "ఈ యార్డు చరిత్రలో ఇది అద్దంలాంటి దినం. నేటి నుంచి ఏదీ దాగదు. అయితే ప్రతి లాటు నుంచీ నమూనా కోయాలన్నది నిబంధన. ప్రారంభోత్సవానికి రిబ్బను కోయాలన్నది సంప్రదాయం. రెండు కోతలు పెట్టుకోవడం కాలయాపన. కాబట్టి గౌరవనీయ చైర్మన్ గారు రిబ్బనుకు బదులుగా కేబుల్‌నే కోసి, ఏకకాలంలో నమూనా పరీక్షనూ ప్రారంభోత్సవాన్నీ నిర్వహిస్తారు."

"వద్దు సార్!" అని లింబాద్రి అరిచాడు. చప్పట్లలో వినబడలేదు. ఇద్దరు హమాలీలు కేబుల్‌ను రెండు చివరలా పట్టుకుని సాగదీశారు. చైర్మన్ నర్సాగౌడ్ కత్తెరతో నడిమికి కోశాడు. ఫొటో సరిగా రాలేదంటే ఇంకోచోట కూడా కోశాడు. పోశెట్టి ముక్క అందుకుని లోపలికి చూసి, "ఏ గ్రేడు" అని ప్రకటించాడు. మళ్లీ చప్పట్లు. తర్వాత మిగిలిన ముక్కను తెరకు తగిలించి, అందరూ తెర వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆకాశం ఉరిమింది. మొదటి చినుకు ఎవరి మీదో పడింది.

"ఏందిరా ఇది!" అన్న కేక వినబడింది. అందరూ వెనక్కి తిరిగారు. గంగమణి తన పసుపు కుప్ప మీదెక్కి నిలబడింది. కొంగు నడుముకు చుట్టింది.

"ఓ కొండయ్య సేటూ! ఓ సేట్లూ! ఇటు సూడుండ్రి. ఆ నల్ల గోడను సూసుకుంట నిలవడితే మీకు పసుపొస్తదా? నాకు తువ్వాల వద్దు, టీవీ వద్దు. నీకు నోరున్నది గద సేటూ? నాకు చెవులున్నయి. ఎంతిస్తవో మొత్తం యార్డు ఇనేటట్టు ఒర్రు!"

కొండయ్య సేటు జన్మలో ధర పైకి చెప్పలేదు. తాతల కాలం నుంచీ వాళ్లింట్లో ధరలు వేళ్లతోనే చెప్పుకుంటారు. సిగ్గుపడి అటూ ఇటూ చూశాడు. కానీ ఆయన గోదాము ఖాళీగా ఉంది. పై ఊళ్ల వ్యాపారులు రోజూ ఫోన్లు చేసి తిడుతున్నారు. మెల్లగా ఒక ధర అన్నాడు.

"ఇనవళ్లే!" అంది గంగమణి.

గట్టిగా అన్నాడు. ఇంకో సేటు దానికంటే పై మాట అరిచాడు. కొండయ్యకు రోషం వచ్చి ఆ పై మాట అరిచాడు. ఒక్కసారి నోళ్లు తెరుచుకున్నాక ఎవరాగుతారు? పక్క కుప్పల వాళ్లూ కుప్పలెక్కారు. యార్డంతా ఒకటే కేకలు. ఎవరు ఎంతన్నదీ రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినబడింది. గంగమణి పసుపు కొండయ్య సేటుకే తెగింది. పోశెట్టి ఊరుకోలేక ఒక కొమ్ము విరిచాడు. టక్కుమంది.

"తమ్మీ, కాంటా!" అంది గంగమణి.

కాంటా గది తాళం లింబాద్రి జేబులో ఉంది. అతను తాళం వైపు చూశాడు, కార్యదర్శి వైపు చూశాడు. పురుషోత్తం గారు వద్దన్నట్టు వేలు ఎత్తి ఉంచారు. లింబాద్రికి నౌకరి, నెల జీతం, పిల్లల చదువు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. గచ్చు మీద అక్క చీరలు గాలికి లేచిపోతున్నాయి. ఆమె వాటి మీద మోకాళ్లతో కూర్చుని, రెండు చేతులూ చాపి అదిమి పట్టుకుంది. అది చూశాక అతను ఇంకేమీ ఆలోచించలేదు. పరిగెత్తి కాంటా తెరిచాడు. హమాలీలను కేకేశాడు. షెడ్డులో తెర కోసం పెట్టిన తాడిపత్రులన్నీ లాగి, కుప్పల మీద కప్పమని విసిరేశాడు.

"లింబాద్రీ! ఆ పత్రులు ప్రదర్శన సామగ్రి!" అని పురుషోత్తం గారు అరిచారు.

"పసుపు మార్కెట్ల పసుపుకు కప్పుతున్న సార్! ఏంజేస్తరో చేసుకోండ్రి!"

వాన దంచి కొట్టింది. అయితే అప్పటికి గంగమణి పసుపు చివరి బస్తా కొండయ్య గోదాములో పడింది. మిగతా వాళ్లది కొంత గోదాముల్లో, కొంత తాడిపత్రుల కింద భద్రంగా ఉంది. గంగమణి వానలో నిలబడి ఏడ్చింది. తమ్ముడి తల మీద తడి చెయ్యి పెట్టి, నిమిరి, అదే చేత్తో వీపు మీద ఒకటి చరిచింది.

"ఒక్క పత్రి అడిగితే ఇయ్యలే దొంగ సచ్చినోడా!" అంది.

వాన వెలిశాక పురుషోత్తం గారు అందర్నీ షెడ్డులోకి పిలిచారు. "ఈ లావాదేవీలు చెల్లవు. వీటిని ఎవరు చూశారు?"

"మేమందరం ఇన్నం సార్" అన్నారు రైతులు.

"వినడం వేరు. పారదర్శకత అనేది కంటికి సంబంధించిన విషయం. చెవికి ఉత్తర్వులో స్థానం లేదు. అమ్మకాలన్నీ రద్దు. లింబాద్రి సస్పెండు."

సస్పెన్షన్ కాగితం టైపయింది, సంతకమయింది. లింబాద్రి దాన్ని అందుకుని రెండుసార్లు చదివాడు. పొగరుతో కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"సార్, రేపటి నుంచి రావద్దా? తెర మీద వడ్డంక రావద్దా?"

పురుషోత్తం గారు ఉత్తర్వు తెప్పించి చివరి వాక్యం చదివారు. ఉద్యోగుల శిక్షలు అని స్పష్టంగా ఉంది. అమ్మకాలు రద్దు చేసే నిర్ణయమూ అందులోకే వస్తుంది. ఆయన నిబంధనల మనిషి. ఆయనలో ఇంకేం లోపమున్నా నిబంధన తప్పే లోపం లేదు.

"తెర మీద పడిన తర్వాతనే" అన్నారు నీరసంగా. "అంతవరకు నువ్వు విధుల్లోనే ఉంటావు. అమ్మకాలు కూడా అంతవరకు... ఉంటాయి. కావున కన్వీనరుగా నువ్వు కేబుల్ ఎంపికను సత్వరం పూర్తి చేయి. తెర వెలగగానే మొట్టమొదట నీ సస్పెన్షన్ ప్రదర్శిస్తాం."

"చేస్త సార్" అన్నాడు లింబాద్రి.

ఆ రోజు నుంచి కేబుల్ నాణ్యత విషయంలో లింబాద్రి అంత నిష్ఠాపరుడు ఆ జిల్లాలోనే లేడు. పోశెట్టి మోకాళ్ల నొప్పులతో ఇంట్లో కూర్చుంటే కత్తి తనే పట్టాడు. వచ్చిన కేబుల్ వచ్చినట్టు నడిమికి కోసి, వెలుతురులో పెట్టి, పురుషోత్తం గారిని పిలిచి చూపిస్తాడు. తొందరపడదామని సప్లయర్లెవరైనా అంటే, కోయనిదే ఎలా తెలుస్తుందని నిలదీస్తాడు. పురుషోత్తం గారు ఆ మాట కాదనలేరు. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినాయన ముక్కల పెట్టెలు చూసి, ఇంత కట్టుదిట్టంగా ఎంపిక జరుగుతున్న యార్డు మరొకటి లేదని మెచ్చుకుని వెళ్లాడు. ఈలోగా సేట్లు ధరలు నోటితో అరుస్తూనే ఉన్నారు. కొందరికి గొంతు బొంగురుపోయింది.

మళ్లీ పసుపు తవ్వే కాలం వచ్చింది. గంగమణి ఫోన్ చేసింది.

"తమ్మీ, ఆ వైరొచ్చిందా?"

"అస్తనే ఉన్నయక్కా. అచ్చినదాన్ని అచ్చినట్టు కోస్తున్న."

అవతల ఆమె నవ్వుకుంటోందేమో తెలియలేదు.

"కొయ్యి బిడ్డా, మంచిగ కొయ్యి" అంది. "చెయ్యి కోసుకునేవు, పైలం. ఎల్లుండి బండెత్తుతున్న."